సున్నా నొప్పి

"ఏమీ లేదండీ. హాయిగానే ఉంది," అన్నాడు పరీక్షకుడు, నోట్లోంచి పలక తీసి గుడ్డతో తుడుచుకుంటూ. వెనక తెర మీద సున్నా పడింది.

ఎదురు కుర్చీలో నా భార్య కన్యక కూర్చుని ఉంది. ఆవిడ నోట్లోనూ అలాంటి పలకే ఉంది. చింతగింజ పొట్టంత పల్చగా, నాలుక కిందికి ఒదిగేలా చేసిన పలక. దాన్ని తీసి చేతిలో పట్టుకుని, "మళ్ళీ చూడండి బాబూ, సరిగా తగిలిందో లేదో," అంది.

"సరిగానే తగిలిందమ్మా. మీకు నొప్పి లేదు. అదృష్టవంతులు."

విశాఖపట్నంలో ఆ ప్రయోగశాలకి మేం మార్టేరు నుంచి వెళ్ళాం. ఆ యంత్రాన్ని ప్రతినాడి అంటారు. ఒక పలక రోగి నోట్లో పెడతారు, రెండోది పరీక్షకుడి నోట్లో. మీట నొక్కగానే పరీక్షకుడి నాలుక, దవడ నిద్రపోతాయి. వాటి స్థానంలో రోగి నాలుక, రోగి దవడ అతనివవుతాయి. అతని నాడులు ఎంత గిలగిల్లాడితే తెర మీద అంత అంకె పడుతుంది, పది దాకా. పళ్ళ ఆపరేషన్లలో గాయపడ్డామని చెప్పేవాళ్ళ ఫిర్యాదులన్నీ ఇప్పుడు ఈ అంకె మీదే తేలుతున్నాయి. రోగి మాటా అక్కర్లేదు, డాక్టరు మాటా అక్కర్లేదు.

యంత్రం చెడ్డదని నేననను. మాకంటే ముందు, భీమవరం పక్కన ఉండి అనే ఊరి నుంచి వచ్చిన లారీ డ్రైవరు కూర్చున్నాడు. పన్ను పీకేటప్పుడు దవడ విరిచారట, విరగలేదని వాదించారట. అదే పరీక్షకుడు పలక నోట్లో పెట్టుకున్న మరుక్షణం కెవ్వుమని అరిచి ఉమ్మేశాడు. తొమ్మిది పడింది. డ్రైవరు లుంగీతో కళ్ళు తుడుచుకుంటూ, "మా ఆవిడ కూడా నమ్మలేదండి. ఇయ్యాల నమ్మారు నన్ను," అన్నాడు. ఆ మాట విని మనసులో ఆ యంత్రానికి దణ్ణం పెట్టుకున్నాను. కాసేపట్లో మాకూ అలాగే న్యాయం జరుగుతుందనుకున్నాను.

కార్తీకమాసంలో కన్యకకి కింది జ్ఞానదంతాలు రెండూ ఒక్క పూటలోనే తీశారు, భీమవరంలో ఒక పళ్ళ ఆసుపత్రిలో. డాక్టరు పేరు సుధాంశు. చెవికి ఫోను తగిలించుకుని ఏదో స్థలం బేరమాడుతూనే డ్రిల్లు తిప్పాడని కన్యక చెబుతుంది. నాలుక వైపు ఎముక దాటి డ్రిల్లు పోకూడదట. రెండు వైపులా దాటి నాలుక నాడుల్ని తెంపింది. మత్తు దిగుతుందని చూశాం. దిగలేదు. అతను మొదట తగ్గుతుందన్నాడు. తరవాత కొంచెం టైం పడుతుందన్నాడు. చివరికి, "మీరు మరీ ఆలోచిస్తున్నారమ్మా, ఏదన్నా వ్యాపకం పెట్టుకోండి," అన్నాడు.

అప్పటి నుంచి కన్యక నాలుక ఉన్నా లేనట్టే. తీపి, పులుపు, ఉప్పు, కారం ఏవీ తెలియవు. ఎక్కడో గొంతు దగ్గర కాస్త చేదు మాత్రం మిగిలింది. కాఫీ కాలుతోందో చల్లారిందో తెలియక రెండుసార్లు నోరు బొబ్బలెక్కింది. అన్నం తింటూ నాలుక కొరుక్కుంటే తెలియదు, చెయ్యి కడుక్కునేటప్పుడు నీళ్ళు ఎర్రగా కనిపిస్తే తెలుస్తుంది. లలితా సహస్రం చదువుతుంటే నాలుక ఎక్కడ ఆనిందో తెలియక పెదాలు తడబడేవి. గొంతు పెంచి, తప్పు పోతే మళ్ళీ మొదటి నుంచి చదివేది తప్ప మానేది కాదు.

ఇన్ని మారాయి గానీ ఇంట్లో వంట మారలేదు. అదే మా కొంప ముంచింది.

ఏలూరులో దంతవైద్య ఫిర్యాదుల మండలి ముందు మా విచారణ జరిగింది. మండలి అధ్యక్షులు రామభద్రరాజు గారు, పదవీ విరమణ చేసిన జడ్జి. ఆసుపత్రి తరఫున నీలాద్రి అనే లాయరు వచ్చాడు. నవ్వుముఖం, మెత్తని మాట. డాక్టరు సుధాంశు పక్కన కూర్చుని బల్ల మీద వేలితో ముగ్గులు వేసుకుంటున్నాడు.

"అమ్మా, మీరు ఇంట్లో వంట చేస్తారా?" అని మొదలెట్టాడు నీలాద్రి.

"చేస్తానండి."

"బాగుంటుందా?"

"తిన్నవాళ్ళనడగండి."

హాల్లో చిన్నగా నవ్వారు. నీలాద్రి కూడా నవ్వాడు.

"ఆపరేషన్ తరవాత ఉప్పు ఎక్కువైందనో, పులుసు చెడిందనో ఎవరన్నా అన్నారా?"

"లేదండి. నా చేతి లెక్క తప్పదు."

"రుచి తెలియకుండా అంత బాగా ఎలా కుదురుతుందమ్మా? అబ్బురంగా ఉంది నాకు."

కన్యక నడుం నిటారుగా చేసుకుని కూర్చుంది. ఆ ప్రశ్న ఆవిడకి ప్రశంసలా వినిపించింది. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళెవరికైనా అలాగే వినిపిస్తుంది.

"నేనెప్పుడూ రుచి చూసి వండలేదండి. దేవుడికి పెట్టకుండా ఎంగిలి చేస్తామా? కాపురానికొచ్చినప్పటి నుంచీ అంతే. పోపు వాసన చెబుతుంది, పులుసు పొంగు చెబుతుంది, ఉప్పు చెయ్యి చెబుతుంది. గరిటె నాకి చూసే అలవాటు మా ఇంటావంటా లేదు."

నీలాద్రి అధ్యక్షుల వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అదేనండి మా మనవి. యంత్రం సున్నా అంది. నొప్పి లేదు. ఇక నష్టం చూద్దామంటే, ఈ అమ్మగారు వంటలో ఎన్నడూ వాడనిదాన్ని పోగొట్టుకున్నామంటున్నారు."

ఈసారి నవ్వు గట్టిగా వినిపించింది. కన్యక నా వైపు చూసింది. నిజం చెప్పడం తప్పయిపోయిందా అన్నట్టుంది ఆ చూపు. నేను కళ్ళు దించుకున్నాను.

సున్నా వచ్చినవాళ్ళకి అక్కడ ఒక నియమం ఉంది. ఫిర్యాదు అబద్ధమని తేల్చి, చేసినవాళ్ళ చేత ఆ హాల్లోనే డాక్టరుకి క్షమాపణ చెప్పిస్తారు. వచ్చే వాయిదాకి కన్యక ఆ పని చెయ్యాలన్నారు.

తిరుగు బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తాడేపల్లిగూడెం దాటాక నేనే నోరు విప్పాను.

"పోనీలే కన్యకా. రెండు ముక్కలు చెప్పేసి వచ్చేద్దాం. మన కర్మ అనుకుందాం."

"కర్మ నాదేనండి. కత్తి ఎవరిది?"

"అది కాదే..."

"నాలుక పోయిందంటే ఓర్చుకున్నాను. నోరు కూడా ఇచ్చెయ్యమంటారా? నా నోటితో నేను అబద్ధమాడానని చెప్పను. చంపినా చెప్పను."

రోజూ స్వామికి నైవేద్యం వండే మనిషికే ఇలా ఎందుకు జరగాలని చాలాసార్లు అనుకున్నాను. అడిగితే తప్పేమో. నేను అడగకపోయినంత మాత్రాన నా మనసులో ఏముందో ఆయనకి తెలియదా? దీపం పెట్టినప్పుడల్లా ఈ రెండు ఆలోచనల మధ్య నిలబడి దణ్ణం పెట్టేవాణ్ణి.

మర్నాడు ఇంటి ముందున్న నా కొట్టు తెరుస్తుంటే కన్యక చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

"విశాఖపట్నం వెళ్దాం పదండి."

"మళ్ళీ పరీక్షా?"

"కాదు. ఆ యంత్రం చేసినావిణ్ణి చూడాలి."

ప్రతినాడిని తయారుచేసింది డాక్టర్ షాహీన్. గుంటూరు మనిషి. వయసు ముప్పై దాటి ఉంటుంది. మేం వెళ్ళేసరికి తీగల చిక్కు విప్పుకుంటూ నేల మీద కూర్చుని ఉంది. మేం ఎందుకొచ్చామో చెప్పగానే లేచి కుర్చీలు లాగింది.

"యంత్రం తప్పు చెప్పలేదమ్మా," అంది మెల్లగా. "అది నొప్పి వింటుంది. మీ నాడులు అసలేమీ అనడం లేదు. ఏమీ అననిదాన్ని సున్నా అంటుంది."

"బాగున్నవాళ్ళకి ఎంతంటుంది తల్లీ?"

షాహీన్ నేల మీది తీగ ఒకటి తీసి వేలికి చుట్టుకుంది.

"వాళ్ళకీ సున్నాయే."

"అయితే ఇల్లు ప్రశాంతంగా ఉన్నా, ఇంట్లో మనుషులే లేకపోయినా, మీ యంత్రానికి ఒకటేనన్నమాట."

"నేను నొప్పితో ఏడ్చేవాళ్ళ కోసం చేశానమ్మా. మా నాన్న దవడతో నరకం పడ్డాడు, ఎవరూ నమ్మలేదు. ఇలా జరుగుతుందని..."

"మిమ్మల్ననడం లేదు. ఆ లాయరు మాట విన్నారా? వంటలో రుచి చూడను కాబట్టి నాకు నాలుకతో పని లేదట. ఏకాదశి నాడు నేను అన్నం తినను. అందుకని ఏకాదశి నాడు మా ఇంట్లో బియ్యం ఎత్తుకుపోతే దొంగతనం కాదా? స్వామికంటే ముందు తినకపోవడం నేను పెట్టుకున్న నియమం. ఆ తరవాత ప్రసాదం నోట్లో వేసుకుంటానే, అది ఆయన నాకు తిరిగిచ్చేది. దాన్ని మధ్యలో ఎవరో ఎత్తుకుపోయారు."

షాహీన్ చేతిలో తీగ అలాగే ఉండిపోయింది.

"రంజాన్‌లో రోజా ఉపవాసం నేనూ ఉంటానమ్మా," అంది. "సాయంత్రం ఖర్జూరం నోట్లో పెట్టుకునే క్షణం..." తరవాతి మాట ఆపేసి యంత్రం వైపు చూసింది.

"మీ పరీక్షకుడు ఉత్త నోటితో చూశాడు. అన్నం తింటూ చూడమనండి."

"కుదరదమ్మా. యంత్రం నడుస్తున్నంతసేపు పరీక్షకుడి నాలుక నిద్రపోవాలి. నొప్పి ఎవరూ ఓర్చలేరు కాబట్టి రెండు మూడు గుటకల్లో తీసేస్తారు. భోజనమంతా ఉంచితే ఆ నాలుక మళ్ళీ లేస్తుందో లేదో నాకు తెలియదు. ఇంతవరకు ఎవరూ ఉంచలేదు."

కన్యక లేచింది. "అయితే వద్దు. నాకు పోయిందని ఇంకొకరిది పోగొట్టి గెలవను. పదండి," అంది నాతో.

కానీ ఆ ఆదివారమే యంత్రాన్ని ఒక పెట్టెలో పెట్టుకుని షాహీన్ మా ఇంటికొచ్చింది.

"వద్దన్నాను కదమ్మా!" అంది కన్యక.

"మీరు వద్దన్నారు. నేను సరేననలేదు కదా. నేను చేసిన యంత్రం మీ చేత క్షమాపణ చెప్పిస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదమ్మా. వంటింట్లోకి రావచ్చా?"

"కాళ్ళు కడుక్కుని రా. నైవేద్యమయ్యేదాకా ఏదీ ముట్టుకోకూడదు. అందరికీ ఒకటే రూలు, ఈయనక్కూడా. ఈయన మరీ దొంగ, అప్పడం దగ్గరికొస్తే నిలవలేరు."

"నా మీద కూడా ఒక ఫిర్యాదు పడేస్తావా ఏంటి?" అన్నాను.

కన్యక పులిహోర, వంకాయ కూర, ముక్కల పులుసు, పరమాన్నం చేసింది. షాహీన్ గడప దగ్గర పీట మీద కూర్చుని, ఒక్కసారి కూడా నోటి దగ్గరికి పోని ఆ గరిటెనే చూసింది. కన్యక గిన్నె మీదికి వంగి వాసన చూడదు కూడా, అది కూడా స్వామికే ముందు. గదిలోకి వచ్చిన పాటి వాసనే ఆవిడకి చాలు. నైవేద్యం పెట్టి, గంట కొట్టి, హారతి ఇచ్చాక అరిటాకులు వేసింది.

షాహీన్ ముందు పలక లేకుండా పరమాన్నం ఒక్క ముద్ద తింది. కళ్ళు మూసుకుని, "అల్లా!" అంది. తరవాత ఇద్దరూ పలకలు పెట్టుకున్నారు. మీట నొక్కింది.

కన్యక పరమాన్నం నోట్లో పెట్టుకోగానే షాహీన్ కూడా అదే మళ్ళీ నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. పులిహోర తింది. మిరపకాయ కొరికింది. కూర, పులుసు, అన్నీ తొందరతొందరగా కలుపుకుని తినసాగింది, చీకట్లో ఏదో వెతుక్కునే మనిషిలాగా. ముఖంలో ఏ మార్పూ లేదు. తెర మీద సున్నా అలాగే వెలుగుతోంది. నేను చూస్తుండగా ఆవిడ పెదవి మూల నుంచి ఎర్రగా ఒక చార జారి విస్తట్లో తెల్లటి అన్నం మీద పడింది.

"అమ్మా, నాలుకా పెదవీ కొరుక్కున్నారు!" అన్నాను.

షాహీన్ చెయ్యి పెదవికి పోయింది. వేలికంటిన నెత్తురు చూసుకుంది. ఆ నెత్తురు తనదని నమ్మడానికి ఆవిడకి కొంచెంసేపు పట్టింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. అంకె మాత్రం మారలేదు.

కన్యక ఒక్క ఉదుటున లేచి ఇద్దరి నోళ్ళలోంచి పలకలు లాగేసింది. "చాలు! చాలు తల్లీ!" అంటూ ఎంగిలి చేత్తోనే షాహీన్‌ని పట్టుకుంది. మడి అని ఎంగిలి అని ప్రాణం తీసే మనిషి, ఆ పూట అదేదీ తలచుకోలేదు.

నాలుక నెమ్మదిగా లేచింది. ముందు కొరుక్కున్న చోట మంట వచ్చింది. మంట పుడుతోందని షాహీన్ నవ్వింది. ఉప్పు మర్నాటికి తెలిసింది. తీపి మాత్రం ఎడమ వైపు ఇంకా తెలియడం లేదని తరవాత ఫోన్లో చెప్పింది. వస్తుందో రాదో ఆవిడకే తెలియదు.

"ఎందుకు చేశావమ్మా అంత పని?" అని కన్యక అడిగితే, "మీ సున్నాలోకి వెళ్ళి చూడందే సాక్ష్యం ఎలా చెప్పను?" అందట.

వాయిదా రోజు షాహీన్ తన యంత్రంతో సహా వచ్చింది. తను చూసిందంతా మండలి ముందు చెప్పింది. సున్నాలు రెండు రకాలని, ఒకటి ఆరోగ్యమని, రెండోది శూన్యమని, తన యంత్రానికి ఆ తేడా తెలియదని చెప్పింది.

నీలాద్రి లేచాడు. "డాక్టర్ గారు విందు బాగా ఆరగించినట్టున్నారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదని సాక్ష్యమిస్తున్నారు."

"తిన్నాను, కానీ తిన్నట్టు నాకు తెలియలేదు. నేను చెప్పేది అదేనండి," అంది షాహీన్.

రామభద్రరాజు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మంచివారు. ఆయన ముఖంలో జాలి కనిపించింది.

"చూడమ్మా. మా రూల్లో అంకె ఉంటేనే గాయం. ఒక పని చేద్దాం. డాక్టర్ షాహీన్ గారి మాట మీద ఒకటి వేస్తాను. సున్నా బదులు ఒకటి. కొద్దిపాటి నొప్పి ఉన్నట్టు. క్షమాపణ తప్పిపోతుంది. మీకు గౌరవంగానూ ఉంటుంది."

నా ప్రాణం లేచొచ్చింది. దేవుడు ఈయన రూపంలో దారి చూపించాడనుకున్నాను. ఒప్పుకోమని కన్యక చెయ్యి నొక్కాను. ఆవిడ చెయ్యి విడిపించుకుని లేచి నిలబడింది.

"నాకు నొప్పి లేదండి."

"ఏమే!" అన్నాను.

"లేనిది ఉందని ఎలా రాయించుకోనండి? మొన్న నిజం చెబితే నవ్వారు. ఇవాళ అబద్ధమాడితే గౌరవమంటున్నారు. ఒకటి వద్దు. సున్నాయే రాయండి. దాని పక్కన నాకేం పోయిందో, ఎవరి చేతిలో పోయిందో రాయండి. అది రాయకపోతే నేనిక్కణ్ణించి కదలను. క్షమాపణ అడగను. మీరేం చేసుకుంటారో చేసుకోండి."

"అందుకు రూల్లో చోటు లేదమ్మా," అన్నారు ఆయన.

"గాయానికి నా నోట్లో చోటు దొరికింది కదండీ. మీ రూల్లో దొరకదా?"

డాక్టరు సుధాంశు అప్పుడు మొదటిసారి నోరు విప్పాడు. "సార్, ఇదంతా డ్రామా. సున్నా అంటే సున్నాయే. ఆవిడకేం కాలేదు."

కన్యక అతని వైపు తిరిగింది. కోపంగా లేదు. షాహీన్ పెట్టెలోంచి రెండు పలకలూ తీసుకుని అతని బల్ల దగ్గరికి నడిచింది.

"అయితే పెట్టుకోండి డాక్టరు గారూ. రెండు గుటకల సేపే. తరవాత నేనే తీసేస్తాను, మీలా వదిలెయ్యను. ఈ అమ్మాయి భోజనమంతా ఉంచుకుంది, మీరు అంత కష్టపడక్కర్లేదు. భయపడకండి. నొప్పేమీ ఉండదు. సున్నాయే కదా."

తన పలక నోట్లో పెట్టుకుని, రెండోది అతని ముందు చాచి పట్టుకుంది.

సుధాంశు ఆ పలకని చూశాడు. షాహీన్ పెదవి మీద మానుతున్న గాటు చూశాడు. అతని చెయ్యి బల్ల మీద నుంచి లేవలేదు. కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది.

"ఇది రూల్లో లేదు!" అన్నాడు నీలాద్రి. ఈసారి అతని ముఖంలో నవ్వు లేదు.

"రూలు సంగతి నేను చూసుకుంటాను," అన్నారు రామభద్రరాజు గారు. "ఏమీ కానిదానికి మీ డాక్టరు గారు ఎందుకు వెనక్కి జరిగారో చెప్పండి."

కన్యక చెయ్యి అలాగే చాచి ఉంది. ఆవిడ పక్కకి వెళ్ళి నిలబడాలో వద్దో నాకు తెలియలేదు. ఆ తరవాత ఆలోచించడం మానేసి వెళ్ళి నిలబడ్డాను.

అధ్యక్షుల వారు సుధాంశు జవాబు కోసం చూశారు. అది రాదని తెలిశాక కలం తీసుకున్నారు. పైకి చదువుతూ రాశారు. "నొప్పి, సున్నా. గాయం, ఉన్నది. చేసినవారు, డాక్టర్ సుధాంశు. నష్టం..." అని ఆగి తలెత్తారు.

"నష్టం ఏమని రాయనమ్మా?"

కన్యక పలక తీసి బల్ల మీద పెట్టింది. కొంగుతో పెదాలు తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే సుధాంశు ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పొద్దుటి కాఫీతో మొదలెడతాను. ఒక్కోటీ చెబుతాను, రాసుకోండి," అంది. "మీకేం తొందర లేదు కదా?"